గ్రహణం జాడలో ఆరు రోజులు: వనపర్తి నుంచి శ్రీకాళహస్తి దాకా

మొదటి రోజు, బుధవారం: హైదరాబాదు నుంచి వనపర్తి

భాద్రపద పౌర్ణమి నాటి చంద్రగ్రహణానికి శ్రీకాళహస్తిలో ఉండాలని మా అమ్మ వేసవిలోనే నిశ్చయించుకున్నది. ఆ రోజున, అంటే 2025 సెప్టెంబరు 7న, తిరుమలతో సహా దాదాపు ఆలయాలన్నీ మధ్యాహ్నానికే తలుపులు మూస్తాయి. కాళహస్తీశ్వరుడి గుడి మాత్రం తెరిచే ఉంటుంది, గ్రహణం పట్టి ఉన్న వేళలోనే అక్కడ అభిషేకాలు జరుగుతాయి. ముప్ఫై ఏళ్లుగా జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న నాకు గ్రహణాన్ని గుడిలో గడపాలన్న కోరిక లేదు గానీ, డెబ్బై నాలుగేళ్ల అమ్మను ఒంటరిగా పంపే ఉద్దేశమూ లేదు. నాలుగు రోజుల ముందే బయలుదేరి, తెలుగు నేల మీద గ్రహణాల కోసం జనం కాచుకుని కూర్చున్న చోట్లను దారిలో చూసుకుంటూ పోదామని అడిగితే, ఆదివారం పొద్దుగూకే లోపల తనను గుడి దగ్గర చేర్చాలన్న ఒక్క షరతు మీద ఒప్పుకున్నది.

మొదట ఆగింది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర. 48 అంగుళాల దూరదర్శిని ఉన్న ఈ గుట్ట 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడదారిలో ఉన్నది. దేశవిదేశాల శాస్త్రవేత్తలు ఇక్కడ గుడారాలు వేసుకుని రెండు నిమిషాలకు పైబడిన ఆ చీకటి కోసం ఎదురుచూశారు. నల్లగొండ జిల్లాలోని మా ఊరు కూడా అదే నీడదారిలో ఉన్నది. అప్పుడు నాకు పదేళ్లు. మా తాతయ్య సిద్ధాంతి. పంచాంగ గణితం ఆయనకు కరతలామలకం. గ్రహణానికి నెల ముందు నుంచే పలక మీద లెక్కలు వేసి స్పర్శ, మధ్య, మోక్ష కాలాలను తేల్చుకుని, రేడియోలో చెప్పిన సమయాలతో పోల్చి, తేడా ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం నన్ను చేను గట్టు మీదికి తీసుకుపోయి, పసుపు నీళ్ల పళ్లెంలో సూర్యబింబాన్ని చూపించాడు. (ఆ ప్రతిబింబం కూడా కంటికి క్షేమం కాదని ఇప్పుడు నా విద్యార్థులకు ప్రతిసారీ చెబుతాను.) చీకటి కమ్ముకోగానే కొంగలు చెరువు గట్టు చెట్ల మీదికి తిరిగిపోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది.

అదే సమయంలో మా అమ్మ ఇంట్లో గదిలో ఉన్నది. ఆరో నెల గర్భిణి కాబట్టి నాయనమ్మ ఆమెను పొద్దున్నే లోపల కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టింది. అన్నం లేదు, మంచినీళ్లు లేవు, కదలకూడదు, కత్తిపీట ముట్టకూడదు. భూమి, చంద్రుడు, సూర్యుడు ఒక వరుసకు వచ్చే క్షణాన్ని పలక మీద పట్టుకోగలిగిన మా తాతయ్య ఆ తలుపు తీయమని అనలేదు. ఆయనను నేను ఎంతగా ప్రేమించానో, ఈ ఒక్క విషయం నన్ను అంతగా బాధిస్తూ వచ్చింది. ఈ ప్రయాణం తలపెట్టడానికి లోలోపలి కారణం అదేనని అమ్మకు చెప్పలేదు.

సాయంత్రానికి వనపర్తి చేరాం. ఒకప్పటి సంస్థానాధీశుల ప్రాసాదంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల నడుస్తున్నది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి మద్రాసు వేధశాల నుంచి ఒక బృందం ఈ ఊరికి వచ్చింది. దానికి నాయకుడు చింతామణి రఘునాథాచారి. అంతకు ముందటి ఏడాదే ఒక చరకాంతి నక్షత్రాన్ని (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే తారను) కనిపెట్టిన ఆయన, 1872లో లండనులోని రాయల్ ఖగోళ సంఘంలో సభ్యుడయ్యాడు. నాకు ఆయన మీద గౌరవం కలగడానికి వేరే కారణం ఉన్నది. ఆయన పంచాంగాన్ని విడిచిపెట్టలేదు, దాన్ని ఆకాశంతో సరిచూడమన్నాడు. పాత సూత్రాలతో కట్టిన తిథి, గ్రహస్థితి ఆకాశంలో కనబడే దానితో పొసగనప్పుడు సూత్రాన్నే దిద్దుకోవాలని, దృగ్గణితమే ప్రమాణమని వాదించాడు. 1874లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచే సందర్భంలో జనం కోసం ఒక చిన్న పుస్తకం రాస్తూ, దాన్ని ఒక సిద్ధాంతికీ ఒక పండితుడికీ మధ్య సంభాషణగా నడిపాడు. ఎదుటివాడి నమ్మకాన్ని కూర్చోబెట్టి మాట్లాడించిన పద్ధతి అది. బసలో అమ్మకు ఇదంతా చెబితే, "మీ తాత కూడా తేడా రాసిపెట్టుకునేవాడు కదరా" అన్నది.

రెండవ రోజు, గురువారం: గుంటూరు

రోజంతా ప్రయాణమే. శ్రీశైలం అడవి దాటి, దోర్నాల, మార్కాపురం, వినుకొండ మీదుగా గుంటూరు చేరేసరికి దీపాలు పెట్టారు.

దారి పొడవునా అమ్మ ఒకే ప్రశ్న తిప్పితిప్పి అడిగింది: నీడ అని తెలిసినవాళ్లు రాహువు అని ఎందుకన్నారు? ప్రశ్న పాతదే. క్రీస్తు శకం 499 నాటి ఆర్యభటీయం గోలపాదంలో "ఛాదయతి శశీ సూర్యం శశినం మహతీ చ భూచ్ఛాయా" అని నిస్సందేహంగా ఉన్నది: సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి పెద్దనీడ కప్పుతుంది. అయినా 628లో బ్రహ్మగుప్తుడు తన సిద్ధాంత గ్రంథంలో, రాహువును కాదనడం వేదస్మృతులకు విరుద్ధమని ఆర్యభటాదులను తప్పుపట్టాడు. ఆ గ్రంథంలోనే గ్రహణ గణితం చేయవలసి వచ్చినప్పుడు మాత్రం భూచ్ఛాయ వ్యాసాన్నే లెక్కగట్టాడు. అంతటి గణితవేత్తకు తెలియక అన్నమాట కాదు అది. తనకు తెలిసినదాన్ని గణితం అనే గదిలో ఉంచి, తాను నడుచుకోవలసిన దాన్ని ఆచారం అనే గదిలో ఉంచి, మధ్యలో తలుపు వేసుకున్నాడు. ఆ ఏర్పాటు మా ఇంట్లోనూ ఉండేదని అమ్మతో అనబోయి ఊరుకున్నాను.

జ్యోతిష గణితంలో రాహుకేతువులు తలా మొండెమూ కావు. చంద్రుడి బాట సూర్యుడి బాటను ఖండించే రెండు బిందువులు అవి, సుమారు 18.6 ఏళ్లకు ఒక చుట్టు వెనక్కి తిరుగుతాయి. పౌర్ణమి ఆ బిందువుల దగ్గర పడినప్పుడే చంద్రగ్రహణం, అమావాస్య పడినప్పుడే సూర్యగ్రహణం. అందువల్ల రాహువు పట్టాడన్న మాటలో లెక్క ప్రకారం తప్పేమీ లేదని అమ్మకు చెప్పాను. "తప్పు లేకపోతే భయం ఎందుకు పెట్టారు?" అన్నది. జవాబు వెంటనే తోచలేదు.

గుంటూరులో 1868 గ్రహణానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళవేత్త జాన్సెన్ ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట దిగాడు. ఆ ఇల్లు ఎక్కడ ఉండేదో చెప్పగలవారు మాకు దొరకలేదు. అయిదు నిమిషాలకు పైగా సాగిన ఆ చీకటిలో, సూర్యబింబం అంచున లేచిన ఎర్రని జ్వాలల వెలుగును ఆయన వర్ణపటదర్శినిలో రంగురంగుల గీతలుగా విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని పట్టుకోవచ్చునని తోచి, మరునాడు ఉదయం మామూలు ఎండలోనే వాటిని చూడగలిగాడు. ఆ గ్రహణాన్ని చూసినవారికి వర్ణపటంలో కనబడిన ప్రకాశవంతమైన పసుపు గీతను చాలామంది సోడియందిగా భావించారు. అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళవేత్త లాక్యర్ అది సోడియం గీత స్థానంలో లేదని తేల్చాడు. భూమి మీద తెలియని మూలకం అది అనుకుని సూర్యుడి గ్రీకు పేరుతో హీలియం అన్నారు. 1895 దాకా అది నేల మీద ఎవరికీ చిక్కలేదు. అంటే, ఇరవై ఏడు సంవత్సరాల పాటు హీలియం ఉన్నదనడానికి ఆకాశంలోని ఒక గీత తప్ప మరో సాక్ష్యం లేదు. చూడనిదాన్ని ఉన్నదని పట్టుకుని నిలబడడం శాస్త్రంలోనూ ఉన్నది. ఆ పట్టుదల ఏదో ఒక రోజు పరీక్షకు నిలవాలన్న నియమం కూడా దానితోపాటే ఉన్నది.

మూడవ రోజు, శుక్రవారం: విజయవాడ

పటమటలోని నాస్తిక కేంద్రానికి అమ్మ వస్తుందని నేను అనుకోలేదు. కారులోనే కూర్చుంటానంటుందేమో అనుకున్నాను. నుదుటి విభూతితోనే దిగి లోపలికి నడిచింది.

గోపరాజు రామచంద్రరావు, అందరూ పిలిచే గోరా, వృక్షశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతితో కలిసి ప్రారంభించిన కేంద్రాన్ని 1947లో ఇక్కడికి మార్చారు. అగ్నిగుండంలో నడవడం మహిమ కాదని చూపించడానికి వీరు ఊరూరా నిప్పుల మీద నడిచి చూపారు: కాలిన కట్టె బొగ్గుకు వేడిని పాదానికి అందించే శక్తి తక్కువ, అడుగు నిలిచేది క్షణమాత్రం. ఎవరైనా నడవగలరని రుజువైతే, నడిచినవాడికి భక్తి ఉండవచ్చును గానీ అధికారం మిగలదు. నాకు ఆ తేడా ముఖ్యమనిపించింది.

మహాత్మా గాంధీతో గోరా జరిపిన సంభాషణలు ప్రసిద్ధమే. తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనని, ఇద్దరమూ సత్యాన్వేషకులమేనని గాంధీ అన్నారు. గోరా కుమార్తె కులాంతర వివాహం సేవాగ్రాంలో జరిపించడానికి ఒప్పుకుని, ప్రమాణ వాక్యంలో దైవం పేరుకు బదులు సత్యాన్ని చేర్చడానికీ సమ్మతించారు. ఆయన హత్య జరిగిన కొద్ది వారాలకు, 1948 మార్చిలో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. వాదించుకుంటూనే ఒక పెళ్లి పందిరి కిందికి రాగలిగిన ఆ ఇద్దరిని తలుచుకుంటే నాకు మనసు నిండుతుంది.

సరస్వతి గోరా తాను గర్భవతిగా ఉన్నప్పుడే కట్టడిని కాదని బయటికి వచ్చి గ్రహణం చూశారని నేను చదివి ఉన్నాను. ఆ మాట అమ్మకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. గేటు దాటి వచ్చాక అడిగింది: "ఆవిడ బిడ్డ బాగానే పుట్టిందా?" ఆ దంపతులకు తొమ్మండుగురు సంతానమనీ, అందరూ ప్రజాజీవితంలో పనిచేసినవారేననీ చెప్పాను. "తొమ్మండుగురా" అని తలపంకించి, ఆ తరువాత దుర్గ గుడి మెట్ల దాకా మాట్లాడలేదు.

నాల్గవ రోజు, శనివారం: సూళ్లూరుపేట

అనంత చతుర్దశి. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా వినాయక నిమజ్జనాల ట్రాక్టర్లు అడుగడుగునా ఎదురయ్యాయి. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి సాయంత్రం చేరాం. ఈ తల్లి గుడి వాకిలికి తలుపులు ఉండవు. పూర్వం తలుపులు చేయిస్తే ఆ చెక్క చిగురు వేసిందని, రాత్రీ పగలూ భక్తులకు దారి తెరిచి ఉండాలన్నది అమ్మవారి ఇష్టమని ఇక్కడివారు చెబుతారు. రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో అధ్యక్షులు, శాస్త్రవేత్తలు ఇక్కడ పూజ చేయించడం, నమూనా రాకెట్‌ను తిరుమల శ్రీవారి పాదాల దగ్గర ఉంచడం ఏళ్ల తరబడి చూస్తున్నదే. దాన్ని తప్పుపట్టేవారున్నారు, గర్వంగా చెప్పుకునేవారూ ఉన్నారు. ఇద్దరూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం.

గుడి ఆవరణలో ఒక యువ ఇంజనీరుతో మాటలు కలిశాయి. నేను ఉపాధ్యాయుణ్ణని తెలిసి ఓపికగా చెప్పాడు. "పూజ చేసి వెళ్లినందువల్ల మా తనిఖీల జాబితాలో ఒక్క గడి కూడా తగ్గదు సార్. వాల్వు కారుతున్నదంటే కౌంట్‌డౌన్ ఆగుతుంది, అంతే." 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమైంది సరిగ్గా అటువంటి వాల్వు వల్లనే, కారణం వెతికి, దిద్ది, 1980 జూలై 18న విజయం సాధించారు. చంద్రయాన్-2కు ముందూ తిరుమలలో పూజ జరిగింది, చంద్రయాన్-3కు ముందూ జరిగింది. మొదటి ల్యాండరు 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రుడి మీద కూలింది. రెండవది 2023 ఆగస్టు 23న నెమ్మదిగా దిగింది. ఆ రెండింటి నడుమ మారింది మొక్కు కాదు. ఏ భాగం ఎలా విఫలం కావచ్చునో ముందే ఊహించి దానికి తగ్గట్టు కట్టుకున్న రూపకల్పన మారింది. మొక్కినవారిలో ఎవరూ ఆ మొక్కును వైఫల్య నివేదికలో కారణంగా రాయలేదు, రాయనివ్వలేదు. చేతులు వణకకుండా ఉండడానికి మనిషికి ఏదో ఒక ఆసరా కావాలి. ఆ ఆసరా కొలతల పట్టికలోకి చొరబడనంత వరకు దానితో నాకు తగవు లేదు. ఇస్రో రాకెట్ల వరుసలో పీఎస్‌ఎల్‌వీ-సీ12 తరువాత సీ13 లేకుండా సీ14 ఎగరడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 13 మన పెద్దల భయం కూడా కాదు.

విడిపోయే ముందు ఆ యువకుడు మరో మాట చెప్పాడు: రాకెట్ ద్రవ దశల్లో ఇంధన తొట్ల లోపలి ఒత్తిడిని నిలబెట్టడానికి వాడేది హీలియం వాయువు. గుంటూరు మీది ఆకాశంలో గ్రహణం వేళ వెతుకులాట మొదలైన మూలకం, అదే కోస్తాలో ఇంత దక్షిణాన, రాకెట్టును నింగికి నెట్టే పనిలో ఉన్నది.

అయిదవ రోజు, ఆదివారం: శ్రీకాళహస్తి

ఉదయం పులికాట్ సరస్సు మధ్యగా శ్రీహరికోటకు పోయే దారిలో కాసేపు ఆగి, నాయుడుపేట మీదుగా మధ్యాహ్నానికి కాళహస్తి చేరాం. స్వర్ణముఖి ఒడ్డున అప్పటికే జనం. సాలెపురుగు, కాళసర్పం, ఏనుగు, ఈ మూడూ పూజించిన లింగమని క్షేత్ర కథ. పాము మణులు తెచ్చి అలంకరిస్తే, అవి మలినమనుకుని ఏనుగు నీళ్లతో కడిగి పారేసేది. చివరికి రెండూ ఒకదానినొకటి చంపుకున్నాయి, శివుడు రెంటినీ తనలో చేర్చుకున్నాడు. ఎవరి పూజ వారికి పరిశుద్ధం, ఎదుటివారిది అపచారం. ఒకే గ్రహణానికి తిరుమల తలుపు మూయడం, కాళహస్తి తలుపు తెరవడం కూడా ఆ కథ పక్కన పెట్టి చూడదగినదే. ఆచారం ఒక్కటే అయి ఉంటే దాన్ని ప్రశ్నించడం కష్టం; రెండు ఉన్నప్పుడు ప్రశ్న ఆచారం లోపలి నుంచే పుడుతుంది.

అమ్మ సంచిలోని పంచాంగంలో స్పర్శ రాత్రి 9.57, నిమీలనం (బింబం పూర్తిగా మునగడం) 11.01, ఉన్మీలనం (మళ్లీ బయటపడడం మొదలవడం) 12.23, మోక్షం 1.26 అని ఉన్నది. నా దగ్గర ఉన్న ఖగోళ పట్టికలోనూ అవే. పండుగల తిథుల దగ్గర పూర్వపద్ధతికీ దృక్‌సిద్ధానికీ ప్రతి ఏడూ తగాదానే; గ్రహణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ దృగ్గణితాన్నే ఆశ్రయిస్తారు. జనం తలెత్తి చూస్తారు గనుక. వనపర్తి నాటి ఆచారి వాదం కనీసం ఈ ఒక్క పేజీలో గెలిచింది.

తొమ్మిదిన్నరకు అమ్మ గుడిలోకి పోయింది. నేను నది ఇసుకలో బైనాక్యులర్‌తో నిలబడ్డాను. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. సరిగ్గా పంచాంగం చెప్పిన నిమిషానికి బింబం అంచు మసకబారింది. భూమి నీడ అంచు వంపుగా, నునుపుగా చంద్రుడి మీదుగా జరిగింది. మనం నిలబడిన నేల గుండ్రనిదని అంతకంటే సూటిగా చూపే దృశ్యం నాకు తెలియదు. పదకొండు దాటాక చంద్రుడు పూర్తిగా మునిగి, కాల్చిన ఇటుక రంగుకు తిరిగాడు. ఆ సమయంలో భూమి మీద ఎక్కడెక్కడ సూర్యోదయం, సూర్యాస్తమయం అవుతున్నాయో ఆ వెలుగంతా మన వాతావరణంలో వంగి అక్కడ పడుతున్నదని విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ రాత్రి ఎవరికీ చెప్పాలనిపించలేదు. గుడిలోంచి నమకం వినబడుతున్నది. నేను రెండు చేతులూ జోడించలేదు, అయినా తల దించుకోవాలనిపించింది, దించుకున్నాను.

ఆరవ రోజు, సోమవారం: తిరుగు ప్రయాణం

విడుపు స్నానం అయి బసకు చేరేసరికి రెండున్నర. అమ్మకు నిద్ర రాలేదు. మంచం మీద కూర్చుని, నేను అడగకుండానే చెప్పింది.

ఆనాటి మా ఇంటి గది కిటికీ పడమటి వైపుది. తలుపులు మూసి లోపల గోనెపట్టా కట్టారు. పాత చెక్కలో చీడ తొలిచిన బెజ్జం ఒకటి ఉండి, దానికి సరిగ్గా గోనె నేతలో సందు పడింది. మధ్యాహ్నం తిరిగాక అందులోంచి ఎండ నాణెమంత గుండ్రంగా నేల మీద పడింది. కాసేపటికి ఆ గుండ్రానికి ఒక పక్క కొరుకుడు పడింది. అది నెలవంకలా సన్నబడుతూ పోతుంటే అమ్మ చేయి చాపి అరచేతిలో పట్టుకున్నది. "అరచేతిలో సూర్యుడు కరిగిపోయినాడు నాయనా. గది చీకటైంది. మళ్లీ సన్నటి వంక, అటు తిప్పి, చేతిలోనే మొలిచింది."

సూదిబెజ్జపు బింబం అని మేం తరగతిలో చెప్పే పాఠం అదే. ఆ గడియ పెట్టిన గదిలో, మా ఇంట్లో గ్రహణాన్ని అందరికంటే క్షేమంగా, అందరికంటే నిలకడగా చూసినది ఆమే.

"ఎవరికీ చెప్పలేదా?" అన్నాను.

"ఎట్లా చెప్పను? చూడొద్దన్నది చూసినాను. చేత్తో ముట్టినాను. చెల్లెలు పుట్టే దాకా మూడు నెలలు రోజూ రాత్రి కడుపు మీద చేయి పెట్టుకుని ఏడ్చినాను. పుట్టినాక వేళ్లు లెక్కపెట్టినాను, పెదవి చూసినాను. అప్పుడు మీ తాతను అడగాలనిపించింది, నీడ ముడితే ఏమవుతుందని. మామగారిని ఎట్లా అడుగుతాం?"

తాతయ్య బతికున్నంత కాలం ఆ ప్రశ్న ఆయన దాకా పోలేదు. అడిగి ఉంటే ఏమనేవాడో నేను చెప్పలేను. తేడాలు రాసుకునే ఆ పుస్తకంలో ఇది కూడా రాసుకునేవాడని నమ్మాలని ఉన్నది. రాహువుకు భయపడిన దానికంటే, అడగడానికి మనిషి లేక ఆమె ఎక్కువ బాధపడింది. నిన్న రాత్రి గ్రహణమంతా ఆమె అభిషేకం దగ్గర కూర్చుని ఏమి మొక్కుకున్నదో నేను అడగలేదు.

నెల్లూరు దాటాక టీ కోసం ఆగినప్పుడు మళ్లీ గ్రహణం ఎప్పుడని అడిగింది. వచ్చే మార్చి 3న చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడని చెప్పాను.

"చంద్రుడిది కాదు. సూర్యుడిది."

2027 ఆగస్టు 2న, మనకు పాక్షికంగా, సాయంత్రం నాలుగు దాటాక అన్నాను.

అమ్మ గ్లాసు కింద పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని అడిగింది: "అయితే అప్పటికి ఎండ పడమటి కిటికీలోంచే పడుతుంది కదా?"